చక్రం చప్పుడుకి ముందు

శ్రావణ శుద్ధ చవితి

నాలుగు రోజుల ముసురు తర్వాత ఇవాళ పొద్దున్న ఓ గంటసేపు ఎండ కాసింది. కచేరీ కాగితాలన్నీ పట్టుకెళ్ళి గట్టు మీద తాడుకి ఆరేశాను. ఉప్పుగాలికి కాగితం మెత్తబడి సిరా పాకిపోతోంది. పాకిన అక్షరాన్ని తీర్పు చెప్పే పెద్దలు ఒప్పుకోరు. ఒక్క మాట అనుమానంగా ఉన్నా మొత్తం వాంగ్మూలం కొట్టేస్తారు. అందుకని గాలికి ఎగిరిపోకుండా కాపలా కాస్తూ అక్కడే నిలబడ్డాను. గట్టుకి అటు సముద్రం, ఇటు మా ఇళ్ళు. పోటు వేళ సముద్రం మా ఇంటికప్పుల కంటే ఎత్తులో ఉంటుంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే కాబట్టి భయం వేసేది కాదు. అమావాస్య నుంచి వేస్తోంది.

అమావాస్య నాడు పొద్దున్న తొమ్మిదింటి పోటుకి ఆరో లాకు దగ్గర నీళ్ళు లోపలికొచ్చేశాయి. లాకు దగ్గరా పల్లపువీధిలోనూ కలిపి తొమ్మిది మంది పోయారు. లాకు తలుపులు ఎత్తీ దించే లస్కరు పొన్నాడ గవర్రాజు మాత్రం బతికాడు. పోటు మీద తలుపు ఎత్తింది అతనేనని నేరం మోపారు. తెలిసినవాళ్ళ పడవని లోపలికి రానిద్దామని ఎత్తాడని ఊళ్ళో అనుకుంటున్నారు. పౌర్ణమి నాడు అతన్ని గట్టు దాటిస్తారు. అంటే ఒక చిన్న పడవ, మూడు రోజులకి సరిపడా మంచినీళ్ళు ఇచ్చి సముద్రం వైపు దింపేస్తారు. అలా దాటినవాళ్ళు తిరిగిరావడం నేనెప్పుడూ చూడలేదు.

లాకు స్తంభానికి కెమెరా ఉంది. ఆ సాయంత్రానికే అందరి చేతిపలకల్లోకీ మూడు వీడియోలు వచ్చాయి. ఒకదాంట్లో గవర్రాజు నవ్వుతూ తలుపు ఎత్తుతున్నాడు. ఇంకోదాంట్లో నిద్రపోతున్నాడు. మూడోదాంట్లో అసలు అక్కడ లేనే లేడు. మూడూ నిజంలాగే ఉన్నాయి. మా అమ్మ చిన్నప్పుడు వీడియో చూపిస్తే జడ్జీలు నమ్మేవారట. ఎవరైనా ఏ బొమ్మనైనా క్షణంలో పుట్టించే రోజులొచ్చాక యంత్రం చూసింది చెల్లకుండా పోయింది. మనిషి చూసిందే చెల్లుతుంది. చూసినదాన్ని చెడగొట్టకుండా బయటికి తీసి రాయడం మా కచేరీ పని. 

ఒక మనిషిని గట్టు దాటించాలంటే సాక్షి చెప్పింది ఇద్దరు వేర్వేరుగా రాయాలి. మొదటిది శేషావతారం మాస్టారు రాశారు. నాకీ పని నేర్పింది ఆయనే. రెండోది నా మీద పడింది.

సాక్షి ఒక్కతే. నూకరత్నం, చేపలెండబెట్టే అరుగు మీద పనిచేస్తుంది. లాకు కనిపించేది ఆ అరుగు మీద నుంచే. ఆ వేళ అక్కడున్న మిగతావాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నూకరత్నం కూతురు కుసుమ, పదిహేడేళ్ళ పిల్ల, ఆ తొమ్మిది మందిలో ఒకతి.


శ్రావణ శుద్ధ పంచమి

మాస్టారు రాసిన వాంగ్మూలం చదివాను. మా పద్ధతిలో జవాబుతో పాటు ప్రశ్న కూడా ఉన్నదున్నట్టు రాయాలి. మాస్టారు నియమం తప్పలేదు, తన ప్రశ్నలన్నీ తన చేత్తోనే రాసుకున్నారు. మొదటి పేజీలో నూకరత్నం నీళ్ళ గురించి చెప్పింది, బుట్టలు తేలడం చెప్పింది, తాడు చెప్పింది. గవర్రాజు పేరు ఎక్కడా రాలేదు. రెండో పేజీలో మూడో ప్రశ్న ఇది:

"గవర్రాజు తలుపెత్తుతున్నప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?"

జవాబు: "అరుగు మీదున్నానండి."

ఆ తర్వాత ప్రతి జవాబులోనూ గవర్రాజు తలుపెత్తుతూనే ఉన్నాడు. 

ఇరవై ఏళ్ళ వయసులో కచేరీలో చేరినప్పుడు ఇదే మనిషి నన్ను ఆర్నెల్లపాటు ప్రశ్న అడగనివ్వలేదు, పక్కన కూర్చుని వినమన్నారు. సాక్షి చెప్పని పేరు మన నోట్లోంచి రాకూడదనేవారు. మధ్యలో అడ్డం పడొద్దు, తల ఊపొద్దు, బావుంది అనొద్దు. అక్కా పిన్నీ అని వరసలు కలపొద్దు. వరస కలిస్తే సాక్షి మనల్ని సంతోషపెట్టాలని చూస్తుంది. అలాంటి మనిషి ఈ ప్రశ్న ఎలా అడిగారు?

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారు వరండాలో కూర్చుని తమ్ముడి చెప్పుల బురద కడుగుతున్నారు. పల్లపువీధిలో పోయినవాళ్ళలో ఆయన తమ్ముడూ ఉన్నాడు.

"మాస్టారూ, రెండో పేజీ మూడో ప్రశ్న..."

"చదివావా?"

"చదివానండి."

"అయితే?"

"ఆవిడ అప్పటికి గవర్రాజు పేరు ఎత్తలేదండి."

ఆయన చెప్పు పక్కన పెట్టారు. "ఊళ్ళో అందరికీ తెలుసు హైమా. నేను కొత్తగా పుట్టించానా?"

"మీరే చెప్పేవారు కదండీ, ఊరికి తెలిసింది వేరు, సాక్షికి తెలిసింది వేరని."

"నా పాఠం నాకే అప్పజెప్పకు!" అన్నారాయన. "అప్పటికి నా తమ్ముణ్ణి ఇంకా బయటికి తియ్యలేదు. రాయడానికి కచేరీలో ఇంకో మనిషి లేడు. నువ్వు రెండో లాకు దాకా ఏదో సరిహద్దు తగువు రాయడానికి పోయావు. ఎవరు రాస్తారు మరి?"

ఆయన మళ్ళీ చెప్పు తీసుకుని, ఎప్పుడో పోయిన బురద కోసం రుద్దుతూ కూర్చున్నారు.


శ్రావణ శుద్ధ సప్తమి

నూకరత్నాన్ని కచేరీకి పిలిచాను. నలభై ఐదేళ్ళుంటాయి. ఉప్పుకి చేతులు పగిలి ఉన్నాయి. కూర్చోగానే నేను అడక్కుండానే మొదలుపెట్టింది.

"గవర్రాజు తలుపెత్తేడండి. నీళ్ళు ఒక్కపెట్టున వచ్చేసేయి. మా కుసుమ నా పక్కనే ఉందండి. చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. నీళ్ళు లాగేసుకున్నాయండి."

ఎక్కడా తడబాటు లేదు. ఏడు రోజుల్లో ఎంతమందికి చెప్పిందో! చెప్పి చెప్పి ఆ కథ గులకరాయిలా నున్నబడిపోయింది. చూసిన సంగతి అలా ఉండదు. చూసినదాంట్లో పనికిరానివి ఉంటాయి, గరుకులుంటాయి. ఇందులో ఒక్క ఈగ లేదు, ఒక్క వాసన లేదు.

ఆవిడతో వచ్చిన పొరుగావిడ బయట బల్ల మీద కూర్చుని నాతో అంది: "ఆఖరిదాకా చెయ్యి వదల్లేదు కదండీ. ఆ ఒక్క మాట మీదే బతుకుతోందండి. మేం కూడా రోజూ అదే చెప్పి రెండు ముద్దలు తినిపిస్తన్నాం."

విన్నాను. ఆ మాట నా నోటు పుస్తకంలో రాసుకోలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఇంటికొచ్చి వాననీళ్ళ తొట్టి కడిగాను. వంకాయలు తరిగి, పొయ్యి ముట్టించడం మర్చిపోయి కూర్చున్నాను.


శ్రావణ శుద్ధ నవమి

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి. కచేరీ పుస్తకంలో ఎలాగూ రాశాను. అందులో నా గురించి ఉండదు.

పొద్దున్న పదింటికి నూకరత్నం వచ్చింది. కిటికీ తలుపులు దగ్గరగా వేశాను. అరుగు దగ్గరికి తీసుకెళ్ళి అడగమని పెద్దల్లో ఒకాయన సలహా ఇచ్చాడు కానీ నేను ఒప్పుకోలేదు. అక్కడిప్పుడు కొత్త చెక్కలు, ఇసుకబస్తాలు, మనుషులు. అవన్నీ పాత జ్ఞాపకంలోకి దూరిపోతాయి. ఉన్న అరుగు కంటే ఆవిడ తలలో ఉన్న అరుగు నయం.

"రత్నంగారూ, ఆ పొద్దున్న నేనక్కడ లేను. మీరున్నారు. అందుకని నేను తక్కువ మాట్లాడతాను. మీకు తోచినట్టు, తోచిన చోట నుంచి చెప్పండి. పనికిరాదనిపించింది కూడా చెప్పండి."

"మొన్న రాసుకున్నారు కదండీ."

"మొన్నటిది పక్కన పెట్టేద్దాం. లాకు సంగతి కూడా ఇప్పుడొద్దు. మీరు అరుగెక్కేసరికి అక్కడెలా ఉంది? కళ్ళు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి."

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"నెత్తళ్ళు... ముందు రోజువి. తిరగెయ్యాలి. సగం ఎండిన వాసనండి అది. పూర్తిగా ఎండిపోతే ఆ వాసనుండదు." ఆగింది. "ఎడం చెప్పు తెగిందండి. రెండూ విప్పేసి గోడవార పెట్టేను. చాప గరుగ్గా ఉంది కాళ్ళకి. గాలి దక్షిణం నుంచి. ఎవరో పిల్ల దగ్గుతోంది. సూరమ్మ కోడలనుకుంటాను."

ఇదీ చూసిన మనిషి చెప్పే తీరు. సూరమ్మ కోడలు కూడా పోయింది. తొమ్మిది రోజులుగా ఎవరూ ఆ పిల్ల దగ్గు సంగతి ఎత్తలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

అలా నీళ్ళొచ్చి, తాడేసి పైకి లాగేదాకా ఒకసారి చెప్పుకొచ్చింది. ఈసారి కూడా గవర్రాజు తలుపెత్తాడు, చెయ్యి పట్టుకుంది, నీళ్ళు లాగేసుకున్నాయి. నేను అడ్డం వెళ్ళలేదు. మంచినీళ్ళిచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు అడిగాను.

"ఈసారి చివర్నుంచి వెనక్కి వద్దాం. మిమ్మల్ని తాడేసి పైకి లాగారు. సరిగ్గా దానికి ముందు?"

ముందు నుంచి చెప్పేటప్పుడు నోటికొచ్చిన కథ వెంట నాలుక పరిగెత్తుతుంది. వెనక్కి చెప్పాలంటే ఆ దారి ఉండదు. ఒక్కో మెట్టూ కాలితో తడిమి దిగాలి.

"స్తంభం వాటేసుకుని ఉన్నానండి. మెడదాకా నీళ్ళు."

"దానికి ముందు?"

"నడుందాకా. బుట్టలు తేలిపోతన్నాయి."

"దానికి ముందు?"

"చక్రం చప్పుడండి. కిర్రు, కిర్రు మంటా. గవర్రాజు వంగి తిప్పుతున్నాడు."

"దానికి ముందు?"

ఆగింది. నుదురు ముడిపడింది. కింద నేల మీద బొటనవేలు కదిలింది, దేన్నో వెతుకుతున్నట్టు.

"కాళ్ళకి చల్లగా తగిలిందండి."

నేను రాస్తున్నాను.

"చాప కింద్నుంచి నీళ్ళు ఊరేయి. అరుగు మీదకెలా వచ్చేయి నీళ్ళు అనుకున్నాను. నెత్తళ్ళు తడిసిపోతాయని చాప అంచు పట్టుకుని ఎత్తేను. ఎత్తేక... అప్పుడండి చప్పుడు." కళ్ళు తెరిచి నన్ను చూసింది. "నీళ్ళు ముందొచ్చేయండి. అతను చక్రం పట్టుకోడం తర్వాత."

అరుగు మోకాలెత్తు ఉంటుంది. నీళ్ళు దాని మీదకొచ్చాక చక్రం చప్పుడైందంటే గవర్రాజు తలుపెత్తలేదు. లాకుకి రెండు తలుపులుంటాయి. మొదటిది పోయినప్పుడు రెండోది దించడానికే ఆ చక్రం. అతను దించుతున్నాడు.

ఒక మనిషి ప్రాణం నా కాగితం మీద ఉంది. అది చాలు. అక్కడ నేను కలం కింద పెట్టి, "ఇవాళ్టికి ఇంతేనండి" అనాల్సింది. అన్నిటికంటే తేలికైన మాట. నేను అనలేదు. సాక్షి ఆగినప్పుడు నేనూ ఆగడం పద్దెనిమిదేళ్ళ అలవాటు. అలవాటు మాత్రమేనా? అంత చక్కగా సాగుతున్న పని మధ్యలో లేవబుద్ధి కాలేదు కూడా. నిజం అదీ.

ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి నేను అడగలేదు. తనకి తనే ప్రశ్న వేసుకుంది.

"దానికి ముందు... చినుకు పడిందండి. కుసుమ నెత్తళ్ళు తిరగేస్తోంది. లాకు గదిలో టార్పాలిన్ ఉంది, పట్రాయే అన్నాను. నువ్వే తెచ్చుకోయే అమ్మా, నా చేతులు నీచు అంది. పోవే, అన్నీ తడిసిపోతాయి అని కసిరేను. లంగాకి చేతులు తుడుచుకుని..."

అప్పటికి నాకు అర్థమైపోయింది. ఆవిడకి ఇంకా కాలేదు. ఆ రెండు మూడు క్షణాలూ ఆవిడ మొహంలో కూతుర్ని చూస్తున్న వెలుగే ఉంది.

"...వెళ్ళింది."

వెలుగు పోయింది.

"నా పక్కన లేదండి అది."

రాశాను.

"నేను దాని చెయ్యి పట్టుకోలేదు." తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వేళ్ళు బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది. "నేను పట్టుకుంది చాప అంచండి."

సాక్షిని ముట్టుకోకూడదు. ఓదార్చకూడదు. రాసింది చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. చదివి వినిపించాను. చాప అంచు దగ్గర ఆగాను. ఆవిడే "ఊఁ, కానివ్వండి" అంది. వేలిముద్ర వేశాక అడిగింది:

"ఇంకా వెనక్కెళ్ళాలాండి?"

"వద్దండి."

లేచి, తలుపు ఎటుందో తెలియనట్టు కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.


శ్రావణ శుద్ధ ఏకాదశి

పెద్దలు ఐదుగురూ రెండు వాంగ్మూలాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. మాస్టార్ని పిలిపించారు. ఆయన నావైపు చూడలేదు. రెండో పేజీ తెరిచి, మూడో ప్రశ్న మీద వేలు పెట్టి, "ఇది సాక్షి మాట కాదు, నా మాట. ఆ రోజు నేను రాయకుండా ఉండాల్సింది. దీన్ని కొట్టెయ్యండి" అన్నారు. అంతే. కర్ర తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన రాసినవి మళ్ళీ చూడాలంటే ఎన్ని వందలున్నాయో. వాటిలో కొన్నిటికి నేనే నకళ్ళు రాశాను.

మొదటి తలుపు అడుగు చెక్క పుచ్చిపోయిందని లాకుల ఇంజనీరు అమ్మాయి మొదట్నుంచీ చెబుతోంది. చెక్క కొట్టుకుపోయింది కాబట్టి ఎవరూ వినిపించుకోలేదు. ఇవాళ విన్నారు. గవర్రాజుని వదిలేశారు. బయట జనం అతనికి దారిచ్చారు కానీ ఎవరూ పలకరించలేదు. అతనూ ఎవరివైపూ చూడలేదు. నిర్దోషి అని చెప్పినప్పుడు కూడా అతని మొహంలో ఏ మార్పూ లేకపోవడం నాకు వింతగా అనిపించింది.


శ్రావణ శుద్ధ త్రయోదశి

తీర్పు అయ్యాక సాక్షిని కలవచ్చు. నూకరత్నం ఇంటికి వెళ్ళాను. పొరుగావిడ గుమ్మంలోనే ఆపింది.

"రెండు రోజులైంది తిని. ఏం చెప్పి తినిపించమంటారు ఇప్పుడు?" అంది. నా మీద కోపాన్ని దాచుకోలేదు. దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

లోపలికి వెళ్ళాను. నూకరత్నం గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన తాడు మీద ఒక లంగా, రెండు జాకెట్లు ఆరేసి ఉన్నాయి. ఎప్పుడో ఆరిపోయాయి.

"అక్కా" అన్నాను. పక్కన కూర్చున్నాను.

తాడు వైపే చూస్తూ అంది: "గవర్రాజుని వదిలేసేరంటగా."

"వదిలేశారు."

"మంచిదే. చెయ్యని పనికి పోకూడదు ఎవరూ." ఆ తర్వాత నావైపు తిరిగింది. "నీళ్ళు ముందొచ్చేయని నేను చెప్పేసేను కదా. మీకు కావాల్సింది అదే కదా?"

"అదే."

"మరెందుకు ఊరుకున్నారు? ఏదో ఒకటి అనుంటే నేను ఆగిపోదును. మంచినీళ్ళు కావాలా అనున్నా ఆగిపోదును. మీరేం అడగలేదు. ఏం అనలేదు. అలా కూచున్నారు."

పద్దెనిమిదేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. సాక్షికి ఇవ్వాల్సినవాటిలో మౌనం అన్నిటికంటే గొప్పదని నేనే కొత్తవాళ్ళకి చెబుతుంటాను. ఆ మౌనంలోకి ఆవిడ నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

"తప్పు చేశానక్కా" అన్నాను.

"తప్పని కాదు." కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "అది నిజమే. నాకు తెలుసు నిజమేనని. కళ్ళు మూసుకుంటే చాలు, లంగాకి చేతులు తుడుచుకుంటా కనబడతాది. కానీ చెయ్యి పట్టుకున్నాను అనుకున్నప్పుడు నిద్ర పట్టేదండి."


శ్రావణ పౌర్ణమి

ఇవాళ గవర్రాజుని సముద్రంలోకి దింపాల్సిన రోజు. దానికి బదులు మధ్యాహ్నం అతను కచేరీకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, భుజాలు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా మాట రాసుకోండి అమ్మగారూ."

"కేసు అయిపోయింది కదా గవర్రాజు గారూ."

"నేరం మీదున్నప్పుడు నా మాట చెల్లదన్నారు. ఇప్పుడు చెల్లుద్ది కదా. రాసుకోండి."

నిందితుడు తనకి అనుకూలంగానే గుర్తు తెచ్చుకుంటాడని మా నియమం. అందుకని అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. కలం తీశాను. అతను నిలబడే చెప్పాడు.

"అడుగు చెక్క విరిగిన చప్పుడు విన్నాను. రెండో తలుపు దించాలి. అది ఒక్కడి వల్ల అవదండి. ఇద్దరుండాలి. నా తోటి లస్కరు ఆ పూట జొరంతో పడుకున్నాడు. చుట్టూ చూసేను. ఆ పిల్ల లాకు గదిలోంచి టార్పాలిన్ భుజానేసుకుని బయటికొస్తోంది. వాళ్ళమ్మ దగ్గరికి పోతోంది. ఇంకో పది అడుగులేస్తే అరుగు. నేను పిలిచేనండి. అమ్మా, ఒక్క చెయ్యెయ్యి తల్లీ అన్నాను."

అక్కడ ఆగాడు. నేను కలం కింద పెట్టేశాను. 

"మంచినీళ్ళు తాగుతారా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

"టార్పాలిన్ కింద పడేసి వచ్చింది. నీచు చేతులు బాబాయ్, జారిపోతన్నాయి అంది. అయినా వదల్లేదు, స్తంభం చాటున, అరుగు మీంచి కనపడని అటు పక్క నిలబడి పట్టుకుంది. పద్నాలుగు చుట్లు తిప్పేం ఇద్దరం. తలుపు సగం దిగింది. ఆ సగం దిగబట్టే పల్లపువీధి మొత్తం పోలేదండి. తొమ్మిదితో ఆగింది. పదిహేనో చుట్టుకి చక్రం ఉన్న బల్ల విరిగింది. నేను ఇనపకమ్మికి చిక్కుకున్నాను. అది... ఆ పిల్ల నా పక్కనుంచే పోయింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? కనీసం పెద్దల ముందు అరిచి చెప్పినా..."

"ఎలా చెప్పేది? చెయ్యి పట్టుకున్నాను, నీళ్ళు లాగేసుకున్నాయి అంటోంది ఆ తల్లి. కాదమ్మా, నీ దగ్గరికొస్తన్న పిల్లని నేనే పిలిచి చంపేసేను అని చెప్పమంటారా? లస్కరు పని నాది. దానిది కాదు. పడవెక్కి పోతే సరిపోద్దనుకున్నాను."

అప్పుడు అర్థమైంది, వదిలేసిన రోజు అతని మొహం అలా ఎందుకుందో.

రాసింది చదివి వినిపించాను. వేలిముద్ర వేశాడు. "ఇది ఆవిడకి చెప్పాలా వద్దా, మీరే చెప్పండి" అన్నాడు. 

ఒకప్పటి హైమ అయితే వెంటనే చెప్పేది, నిజం ఎవరిదైతే వాళ్ళకి చేరాలని. పిల్లని పంపింది తనేనన్న సంగతి మోస్తోంది ఆవిడ. పిలిచింది తనేనన్న సంగతి మోస్తున్నాడు ఇతను. ఒకరిది ఒకరికి తెలిస్తే బరువు తగ్గుతుందా, రెండింతలవుతుందా? 

"ఆవిడ్నే అడుగుతాను" అన్నాను. "వినాలనుందో లేదో."


శ్రావణ బహుళ విదియ

నిన్న వెళ్ళి అడిగాను. ఈసారి మౌనంగా కూర్చోలేదు. ముందే చెప్పాను: "అక్కా, కుసుమ ఆఖరి సంగతి తెలిసిన మనిషి ఒకరున్నారు. విన్నాక మనసు తేలికపడుతుందని నేను చెప్పలేను. ఇంకా కష్టమవ్వచ్చు. వద్దంటే ఆ కాగితం ఎవరూ తెరవకుండా నా దగ్గరే ఉంటుంది."

ఒక రాత్రి గడువడిగింది. ఇవాళ పొద్దున్న పొరుగావిడ చేత కబురు పంపింది, తీసుకురమ్మని.

గవర్రాజు గుమ్మం బయటే ఆగిపోయాడు. నూకరత్నం లోపల్నుంచి "రా" అంది. వచ్చి ఆవిడకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నేను కలం తీసుకెళ్ళలేదు. గోడవార నిలబడ్డాను.

మొత్తం చెప్పాడు. చెక్క విరగడం, టార్పాలిన్, తను పిలవడం. "నేనే పిలిచేను" అన్న చోట తల నేలకి ఆనించేశాడు. నూకరత్నం అతన్ని లేవమనలేదు. నీచు చేతులు జారిపోతున్నాయన్న మాట దగ్గర మాత్రం ఆవిడ నోటి నుంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. పద్నాలుగు చుట్లు అన్నప్పుడు, "పద్నాలుగా?" అని అడిగింది. "పద్నాలుగండి, లెక్క పెట్టుకుంటా తిప్పేం, అదే పైకి లెక్కపెట్టింది" అన్నాడు.

"దానికి లెక్కలు బాగా వచ్చు" అంది నూకరత్నం.

వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగి వెళ్ళిపోయింది. అప్పుడు ఆవిడ అడిగింది. అడిగేటప్పుడు గొంతు చాలా చిన్నదైపోయింది.

"బల్ల విరిగినప్పుడు... అమ్మా అని పిలిచిందా?"

గవర్రాజు తలెత్తాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. పిలిచిందని చెప్పు, అనుకున్నాను నేను. మనిషి చూసిందాన్ని చూసినట్టు, విన్నదాన్ని విన్నట్టు బయటికి తియ్యడం తప్ప వేరే పని చెయ్యని దాన్ని, ఆ గోడవార నిలబడి ఒక్క అబద్ధం కోసం మొక్కుకున్నాను. నిన్ను తలుచుకుందమ్మా అని చెప్పు. ఏదో ఒకటి చెప్పు.

"నీళ్ళ హోరండి" అన్నాడు. "నాకు వినపడలేదు."

నూకరత్నం తల ఊపింది. పక్కకి జరిగి, తాడు మీద లంగా తీసి ఒళ్ళో పెట్టుకుని, అంచులు కలిపి మడత పెట్టడం మొదలుపెట్టింది. 

"నాకూ వినపడలేదు" అంది.